కుంచె కాల్చేసిన సన్యాసి వేల బొమ్మలు ఎలా గీశాడు?

ఈరోజు ఎపిసోడ్ ఒక బొమ్మతో మొదలుపెడదాం. వీడియో చూస్తున్నవాళ్ళకి స్క్రీన్ మీద ఉంది. చదువుతున్నవాళ్ళు ఇలా ఊహించుకోండి. దాదాపు 2 మీటర్ల ఎత్తు. వెనకంతా చిక్కటి నలుపు. ఎర్రటి వస్త్రం కప్పుకున్న ఒక మనిషి, నడుము పైభాగం వరకే. బట్టతల, గడ్డం, పెద్ద ముక్కు. ఇక ఆ కళ్ళు! గుడ్లు మిటకరించి ఎటో పైకి చూస్తున్నాడు. మనం ఏదో తప్పించుకోబోతుంటే పట్టేసుకున్నట్టు ఉంటుంది. వస్త్రం గీతలు చూడండి. ఒక్కోటి ఒక్క ఊపులో వేసింది.

ఇది జపాన్‌లో, ఓయితా నగరంలోని మంజూజి అనే ఆలయంలో ఉంది. గీసింది హకుయిన్ ఎకాకు అనే జెన్ సన్యాసి. గీసేనాటికి ఆయన బాగా ముసలివాడు. అప్పట్లో జపాన్‌లో బొమ్మలు నేర్పే పెద్ద పెద్ద ఘరానాలు ఉండేవి, ఈయన వాటిల్లో దేనికీ చెందినవాడు కాదు. ఇంకో విచిత్రం ఏంటంటే, ఇదే మనిషి ఇరవై ఏళ్ల వయసులో తన కుంచెలు, తను గీసిన బొమ్మలు అన్నీ కుప్పపోసి కాల్చేశాడు.

ఈయన కథే ఎందుకంటారా? ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మాట. మెడిటేషన్ చెయ్యండి, క్రియేటివిటీ పెరుగుతుంది. రోజుకి 10 నిమిషాలు యాప్ పెట్టుకోండి, ఐడియాలు వాటంతటవే వస్తాయి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు రిలీజ్ డేట్ దగ్గరపడితే వెల్‌నెస్ సెషన్ పెట్టేవాళ్ళు. మనసు ప్రశాంతంగా ఉంటే పని ఎక్కువ అవుతుంది, అదీ లెక్క. బొమ్మలు వేసేవాళ్ళకి, పాటలు రాసేవాళ్ళకి, రీల్స్ చేసేవాళ్ళకి కూడా ఇప్పుడు అదే లెక్క చెప్తున్నారు. బౌద్ధ ధ్యానం నుంచి వచ్చిన గొప్ప కళాకారుల్లో ఒకరైన హకుయిన్ జీవితం చూస్తే మాత్రం ఈ లెక్క అస్సలు కుదరదు. ధ్యానం ఆయనకి మొదట కళని పోగొట్టింది. తర్వాత ఆరోగ్యాన్ని పోగొట్టింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి కళని తిరిగి ఇచ్చింది. ఆ మధ్యలో ఏం జరిగిందో అదే మన కథ.

ముందు ఒక్క మాట. జెన్ అంటే ఎక్కడిదో పరాయి మాట అనుకోకండి. మన ధ్యానమే అది. సంస్కృతంలో ధ్యాన, పాళీలో ఝాన, చైనా వెళ్ళి చాన్ అయింది, జపాన్ వెళ్ళి జెన్ అయింది. నాగార్జునకొండ పేరులో ఉన్న ఆచార్య నాగార్జునుడు జెన్ వాళ్ళ భారతీయ గురు పరంపర జాబితాలో 14వ వాడు. ఆ జాబితాలో చివర 28వ వాడు బోధిధర్ముడు. 2011లో వచ్చిన 'సెవెంత్ సెన్స్' సినిమాలో సూర్య వేసిన పాత్ర, గుర్తుందా? దక్షిణ భారతం నుంచి చైనా వెళ్ళాడని సంప్రదాయం చెప్పే ఆ బోధిధర్ముణ్ణే జపాన్‌లో దరుమ అంటారు. ఇందాక మనం చూసిన బొమ్మ ఆయనదే. తొమ్మిదేళ్ళు గోడకి ఎదురుగా ధ్యానంలో కూర్చున్నాడని, నిద్ర రాకుండా కనురెప్పలు కోసేసుకున్నాడని కథలు. అందుకే ఆ బొమ్మలో కళ్ళు అలా ఉంటాయి.

సరే, హకుయిన్ దగ్గరికి వద్దాం. 1686 జనవరిలో పుట్టాడు. ఊరు హర. ఫుజి పర్వతం దగ్గర, ఎడో నుంచి క్యోటో వెళ్ళే టోకైడో రహదారి మీద ప్రయాణికులు ఆగే మజిలీ ఊరు. ఎడో అంటే ఇప్పటి టోక్యో. ఇంట్లోవాళ్ళది సత్రం వ్యాపారం. అమ్మకి భక్తి ఎక్కువ.

ఈ పిల్లాడికి భయం ఎక్కువ. ఒకసారి గుడిలో ఒక సన్యాసి నరకాల గురించి ప్రవచనం చెప్పాడు. సలసల కాగే నూనె, మంటలు, మన దగ్గర కూడా పెద్దవాళ్ళు చెప్తారు కదా, అలాంటివే. విని వణికిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు అమ్మతో కలిసి స్నానానికి దిగాడు. జపాన్‌లో అప్పట్లో నీళ్ళ తొట్టి కింద మంట పెట్టేవాళ్ళు. కట్టెలు భగ్గుమనేసరికి నరకం గుర్తొచ్చి ఇల్లు అదిరిపోయేలా ఏడ్చాడు. పెద్దయ్యాక తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు ఇది. ఈ భయం నుంచి బయటపడాలనే 1699లో సన్యాసంలో చేరాడు. అప్పటికి నిండా 14 ఏళ్ళు కూడా లేవు. చేరింది సొంత ఊళ్ళోనే ఉన్న షోయిన్‌జి ఆలయంలో.

టీనేజ్‌లో ఉండగా ఇంకో దెబ్బ. చైనాలో 9వ శతాబ్దంలో గాంటో అనే గొప్ప గురువు ఉండేవాడు. దొంగలు ఆయన్ని చంపేశారు. చనిపోతూ పెట్టిన కేక మైళ్ళ దూరం వినిపించిందట. ఇది చదివి మనవాడు డీలా పడిపోయాడు. అంత గొప్ప గురువే దొంగల చేతిలో కేకలు పెడుతూ పోతే, నన్ను నరకం నుంచి ఎవడు కాపాడతాడు? ధ్యానం, చదువు అన్నీ దండగ అనిపించింది. నరకానికి ఎలాగూ పోతాను, ఈలోపు కనీసం పేరు తెచ్చుకుందామని కవిత్వం, చిత్రలేఖనం, కాలిగ్రఫీ మీద పడ్డాడు. కాలిగ్రఫీ అంటే కుంచెతో అందంగా అక్షరాలు రాయడం, అక్కడ అదొక పెద్ద కళ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన కళలోకి వెళ్ళింది భయం వల్ల. ఏదో ఒకటి సాధించి, నలుగురూ మెచ్చుకుంటే ఆ గుబులు తగ్గుతుందేమో అని. ఈ పరిస్థితి మనకి కొత్తేం కాదు. పోస్ట్ చేసి ఐదు నిమిషాలకోసారి వ్యూస్ చూసుకునేవాళ్ళకి ఇది బాగా తెలుసు.

కానీ ఆ దారి కూడా నిలబడలేదు. తను ఉంటున్న ఆలయంలో ఒకరోజు పుస్తకాలన్నీ బయట ఎండకి పెట్టారు. ఆ కుప్పలోంచి కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. అందులో నిద్ర ముంచుకొస్తే దబ్బనంతో తొడ మీద పొడుచుకుని మరీ ధ్యానం చేసిన ఒక చైనా సన్యాసి కథ వచ్చింది. మళ్ళీ ధ్యానం మీదకి మనసు మళ్ళింది. అయితే కుంచె మాత్రం వదల్లేదు.

అసలు మలుపు 1706 ప్రాంతంలో, మత్సుయామా అనే ఊళ్ళో. ఒక సమురాయ్ ఇంట్లో సన్యాసులకి భోజనం పెట్టారు. భోజనం అయ్యాక వాళ్ళ ఇంటి నిధి లాంటి ఒక కాగితపు చుట్ట తెచ్చారు. పెట్టెలోంచి దేవుడి విగ్రహం తీసినట్టు జాగ్రత్తగా తీసి పరిచారు. దైగు అనే సన్యాసి చేతిరాత అది. చూస్తే గొప్ప పనితనం ఏమీ లేదు. మన హకుయిన్‌కి అప్పటికే చెయ్యి బాగా తిరిగింది, వెంటనే కనిపెట్టేశాడు. కానీ ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుంటున్నారు. వాళ్ళు చూస్తున్నది అక్షరాల సోకుని కాదు, రాసిన మనిషిని. ఆ రాత వెనక ఉన్న జీవితాన్ని. మరి నా రాత వెనక ఏముంది? తిరిగొచ్చి కుంచెలు, కాపీ పుస్తకాలు, బొమ్మలు అన్నీ కాల్చేశాడు.

ధ్యానం కళకి సపోర్ట్ అంటున్నాం కదా, ఇక్కడ చూస్తే అది కళని మింగేసింది. ఇక రాత్రీ పగలూ ధ్యానమే. 1707 చివర్లో ఫుజి పర్వతం పేలింది. చరిత్రలో ఇప్పటివరకు ఫుజి పేలింది అదే ఆఖరుసారి. షోయిన్‌జి ఆలయం ఊగిపోతోంది, మిగతావాళ్ళంతా బయటికి పరిగెత్తారు. హకుయిన్ మాత్రం లోపలే కూర్చుండిపోయాడు. నాకు జ్ఞానం కలగాలని రాసుంటే నన్నేదీ చంపదు, లేకపోతే ఇక్కడే పోతాను అనుకున్నాడట. తొట్టి కింద మంటకి ఏడ్చిన పిల్లాడు ఇతనే.

మరుసటి ఏడాది ఒక ఆలయంలో ధ్యానంలో ఉండగా దూరం నుంచి గంట మోగింది. ఆ శబ్దంతో జ్ఞానోదయం అయిందనుకున్నాడు. గత 300 ఏళ్లలో ఇంతటిది ఎవరికీ కాలేదని గర్వం కూడా తలకెక్కింది. షోజు రోజిన్ అనే ముసలి గురువు దగ్గరికి వెళ్ళి చెప్తే, ఆయన ఇతని ముక్కు పట్టుకుని మెలిపెట్టాడు. కన్నంలో దాక్కున్న దయ్యం అని తిట్టాడు. అక్కడే దాదాపు ఎనిమిది నెలలు తిట్లు తింటూ సాధన చేశాడు.

తర్వాత ఒళ్ళు తిరగబడింది. పాతికేళ్ళు కూడా నిండని మనిషి. తల వేడెక్కిపోయేది. కాళ్ళు మంచులో పెట్టినట్టు చల్లబడేవి. చెవుల్లో హోరు. ప్రతిదానికీ బెదురు, ఊరికే కన్నీళ్ళు, నిద్రలోనూ మెలకువలోనూ ఏవేవో దృశ్యాలు. దీన్ని జెన్ జబ్బు అంటారు. అంటే ధ్యానం మితిమీరితే వచ్చేది. ఇదేదో పాతకాలం నమ్మకం అని కొట్టిపారేయకండి. 2017లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు ధ్యానం చేసేవాళ్ళతో, నేర్పే గురువులతో మాట్లాడి ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. అందులో భయం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం లాంటి అనుభవాలు చాలామంది చెప్పారు. అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ రిట్రీట్‌లో కూర్చుని శరీరం వద్దంటున్నా పంతం పట్టేవాళ్ళు ఈ విషయం తెలుసుకోవాలి. అలాంటిది ఏదైనా మొదలైతే ఆపెయ్యండి, డాక్టర్‌ని కలవండి.

మరి హకుయిన్ ఎలా బయటపడ్డాడు? ఆయన చెప్పిన కథ ఇది. క్యోటో దగ్గర కొండల్లో ఒక గుహలో హకుయు అనే ముని ఉన్నాడని విని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన ఒక పద్ధతి నేర్పాడు. నీ నడినెత్తిన బాతు గుడ్డంత వెన్నముద్ద ఉందనుకో. మంచి వాసన వేస్తోంది. అది మెల్లగా కరుగుతోంది. తల తడిసింది, భుజాలు తడిశాయి, ఛాతీ, కడుపు, వెన్నెముక, అలా కిందకి కారుతూ పాదాల దాకా వెళ్ళింది. దాంతోపాటు ఒంట్లో ఉన్న నొప్పి, బిగువు కూడా కిందకి దిగిపోతున్నాయి. అంతే. పంతం లేదు, దబ్బనం లేదు. తల్లి పసిబిడ్డకి ఒళ్ళంతా వెన్న రాసినట్టు ఉంటుంది ఈ ధ్యానం.

ఈ భేటీ నిజంగా జరిగిందా అంటే చరిత్రకారులకి అనుమానమే. హకుయు అనే మనిషి నిజంగానే ఉన్నాడు, కానీ హకుయిన్ చెప్పిన తేదీకి ముందే ఆయన చనిపోయాడు. కథ కల్పించి ఉండొచ్చు. పద్ధతి మాత్రం ఆయన జీవితాంతం వాడాడు, జబ్బుపడ్డ శిష్యులకి నేర్పాడు, 1757లో 'యాసెన్ కన్నా' అనే పుస్తకంగా అచ్చువేయించాడు.

1716లో హకుయిన్ సొంత ఊరికి, షోయిన్‌జికి తిరిగొచ్చాడు. ఆలయం పాడుబడిపోయి ఉంది, పైకప్పు కారేది. అక్కడే ఉండిపోయాడు. పదేళ్ళు గడిచాయి. 1726లో ఒక రాత్రి సద్ధర్మ పుండరీక సూత్రం చదువుతున్నాడు. మహాయాన బౌద్ధంలో చాలా పెద్ద గ్రంథం అది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకసారి చదివి, ఏముంది ఇందులో అన్నీ కథలే కదా అని పక్కన పెట్టేశాడు. ఆ రాత్రి చదువుతుండగా బయట మెట్ల దగ్గర ఒక కీచురాయి అరవడం మొదలుపెట్టింది. అది వింటూ వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. తను ఇంతకాలం చేసిందంతా తన కోసం, తన భయం పోవడం కోసం. నిజమైన సాధన పక్కవాళ్ళ కోసం చేసేది. బోధిసత్వుడు అంటే అర్థం అదే.

ఇక ఆయన దృష్టి పూర్తిగా నేర్పడం మీదకి మళ్ళింది. ఎక్కడెక్కడి నుంచో శిష్యులు వచ్చారు. 1740లో ఆయన ప్రవచనాలు వినడానికి 400 మందికి పైగా ఆ చిన్న ఊరికి వచ్చారు. సన్యాసులే కాదు, రైతులు, వ్యాపారులు, ఆడవాళ్ళు, సమురాయ్‌లు. రెండు చేతులు కలిపితే చప్పుడు వస్తుంది, మరి ఒంటి చేతి చప్పుడు ఏది? ఈ ఫేమస్ ప్రశ్న ఈయనదే. కూర్చుని చేసే ధ్యానం కంటే పనిలో ఉండి చేసే ధ్యానం ఎన్నో రెట్లు మేలు అని ఊరూరా చెప్పేవాడు.

ఇప్పుడు మళ్ళీ కుంచె. మనకి దొరికిన ఆయన బొమ్మల్లో ఎక్కువ భాగం 60 దాటాక గీసినవే. అవి వేలల్లో ఉన్నాయి. చైనా గ్రంథాలు చదవలేని ఊరివాళ్ళకి ధర్మం ఎలా చెప్పాలి? బొమ్మ గీసి, పక్కన నాలుగు ముక్కలు రాసి ఇచ్చేసేవాడు. ఒంటి చేతి ప్రశ్న దాటిన వాళ్ళకి చేతికర్ర డ్రాగన్‌గా మారుతున్న బొమ్మ గీసి సర్టిఫికెట్‌లా ఇచ్చేవాడు. ఊరికే సీరియస్ బొమ్మలే అనుకోకండి. సంచి మోసుకు తిరిగే లావుపాటి హోతెయి, సుమో పట్టు పట్టే ఎలుకలు, తిరగలి చుట్టూ తిరిగే చీమ. ఒతాఫుకు అని బూరెబుగ్గల ఆవిడ ఒకరుంటారు, ఆవిడ మూలశంక ఉన్న ఒకాయనకి మూలికతో వాతలు పెట్టే బొమ్మ కూడా ఉంది. ఫుజి పర్వతం కింద చీమల బారులా పోతున్న ఒక జమీందారు ఊరేగింపు గీశాడు. ఆ ఊరేగింపుల ఖర్చంతా రైతుల మీద పడుతోందని 1754లో ఒక ప్రభువుకి రాసిన సుదీర్ఘ ఉత్తరంలో దులిపేశాడు కూడా. మంటకి భయపడ్డ పిల్లాడు ఇప్పుడు ప్రభువులకి భయపడట్లేదు.

గీసే తీరు చూస్తే నాకు ఆశ్చర్యం వేసేది ఇక్కడే. ఇది సిరా, కాగితం. గీత పడిందంటే పడింది, అండూ బటన్ లేదు. తొలినాళ్ళ బొమ్మల్లో గీతలు సన్నగా, ఆచితూచి వేసినట్టు ఉంటాయి. ముసలితనంలో లావుగా, దిట్టంగా వస్తాయి. చాలా బొమ్మల్లో ముందు లేతగా వేసుకున్న గుర్తు గీతలు అలాగే కనిపిస్తుంటాయి. పైన వేసిన అసలు గీత ఆ గుర్తుని పట్టించుకోకుండా వేరే దారిన పోతుంది. ఆ గుర్తుల్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యడు. అక్షరాలు పెద్దగా మొదలుపెట్టి, చోటు చాలక చివర్లో ఇరికించేస్తాడు. ఇరవై ఏళ్ల హకుయిన్ అయితే ఆ కాగితం చింపేసేవాడు. ఎనభై ఏళ్ల హకుయిన్ దాన్ని మడిచి ఎదుటివాడి చేతిలో పెట్టేవాడు.

నాకు అర్థమైంది ఇదీ. ధ్యానం ఆయనకి ఐడియాలు ఇవ్వలేదు. చెయ్యి తిరగడం అంతకుముందే తెలుసు. అది తీసుకుపోయింది భయాన్ని. నన్ను ఎలా చూస్తారో, నాకు పేరు వస్తుందో రాదో అనే భయాన్ని. అది పోయాక కుంచె బరువు తగ్గిపోయింది. అలాగని వారంలో జరిగింది కాదు. కుంచె కాల్చిన రోజు నుంచి బొమ్మలు వరదలా వచ్చిన రోజులకి 40 ఏళ్ళకి పైగా పట్టింది. ఆ మధ్యలో ఎక్కువ కాలం ఆయన చేసింది కళ కాదు, మనుషులకి చెప్పడం, కారే పైకప్పు కింద బతకడం.

ఆయన తరచూ గీసిన బొమ్మ ఒకటుంది. చెట్టుకొమ్మకి వేలాడుతూ నీళ్ళలో కనిపించే చందమామని అందుకోబోయే కోతి. ధ్యానాన్ని ప్రొడక్టివిటీ కోసం వాడదాం అనుకునే మన ప్లాన్ చూస్తే నాకు ఆ కోతే గుర్తొస్తుంది. నీళ్ళలో చెయ్యి పెట్టగానే చందమామ చెదిరిపోతుంది. వ్యూస్ కోసం ప్రశాంతత తెచ్చుకోవాలనుకుంటే, వ్యూస్ గురించిన ఆరాటం కూడా మనతోపాటే వచ్చి ధ్యానంలో కూర్చుంటుంది.

మరి యాప్ డిలీట్ చెయ్యాలా అంటే, నేను అలా అనట్లేదు. 10 నిమిషాలు కూర్చోండి, మంచిదే. వెన్నముద్ద కూడా ప్రయత్నించండి. కాకపోతే లేచాక ఎన్ని ఐడియాలు వచ్చాయి అని లెక్కపెట్టకండి. దాని బదులు ఒకటి అడగండి. నేను ఇవాళ గీస్తున్నది, రాస్తున్నది, షూట్ చేస్తున్నది ఎవరి చేతిలో పెట్టడానికి? ఎవరో ఒక మనిషి మొహం గుర్తొస్తే, హకుయిన్‌కి 1726లో తెలిసింది మీకు కొంచెం తెలిసినట్టే.

1769 జనవరిలో, 83 ఏళ్ళు నిండటానికి ఒక్కరోజు ముందు ఆయన చనిపోయాడు. జపాన్‌లో ఈరోజు ఉన్న రింజాయి జెన్ గురువులందరూ తమ పరంపరని ఆయన నుంచే చెప్పుకుంటారు. ఆయన బొమ్మల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం చాలా చిన్నది. లోతైన లోయ. దాని మీద వంతెనగా ఒక్క దుంగ. దాని మీద గుడ్డివాళ్ళు. ఒకరు చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ, ఒకరు చెప్పులు కర్రకి తగిలించుకుని తడుముకుంటూ. రెండు మూడు గీతలతో వేసిన చీమల్లాంటి మనుషులు. మిగతా కాగితమంతా ఖాళీ. వాళ్ళు అవతలికి చేరతారో లేదో ఆయన గీయలేదు. కానీ వాళ్ళెవరూ ఆగిపోలేదు, చూడండి. ఒక్కొక్క చెయ్యీ ముందుకి వేస్తూనే ఉన్నారు.